మొదటి రింగు ఎవరి బల్ల మీద మోగాలి?

నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు దీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరూ ఊరి వివరాలూ బయట పెట్టవద్దని కోరారు కనుక సారాంశం మాత్రమే ఇస్తున్నాను. వారి కుటుంబానిది రొయ్యల మేత, మందులు, గుంట నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల విడిభాగాలు అమ్మే వ్యాపారం. ప్రధాన కార్యాలయం నెల్లూరులో, పెద్ద శాఖ ఒంగోలులో, గోడౌను కావలిలో ఉన్నాయి. మామగారు పెట్టిన ఈ వ్యాపారంలో నెల్లూరు వైపు ఆమె భర్త, ఒంగోలు వైపు బావగారు చూసుకుంటున్నారు. ఇంజినీరింగ్ చదివి, లెక్కలూ కంప్యూటర్లూ చూస్తున్నందువల్ల, పాత ఫోన్ ఎక్స్‌ఛేంజి తీసివేసి మూడు చోట్లనూ కలిపే, ఇంటర్నెట్ మీద నడిచే కొత్త ఐపీ ఎక్స్‌ఛేంజి పెట్టించే పని ఆమె మీద పడింది.

ఎప్పుడు చేసినా ఎంగేజ్ వస్తోందని రైతులు విసుక్కోవడంతో ఈ మార్పు మొదలైంది. రిసెప్షన్‌లో చాలా ఏళ్లుగా ఉన్న అక్క ఒక్కతే అన్ని కాల్స్ ఎత్తడం వల్ల ఆలస్యమవుతోందని ఎక్స్‌ఛేంజి అమ్మిన వ్యక్తి తేల్చి, ఆమె స్థానంలో ‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’ అనే మెనూ పెట్టించాడు. ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో కోరిక. ప్రతి కాలూ ముందు తన బల్ల మీదే మోగాలని, తన నంబరు 101 కావాలని మామగారు పట్టుపట్టారు. ప్రకాశం జిల్లా రైతుల కాల్స్ నేరుగా ఒంగోలుకే రావాలని, ఆ ఆర్డర్లను నెల్లూరు మింగేస్తోందని బావగారి అనుమానం. సేల్స్ కుర్రవాళ్ల మాటలు వాళ్లకు తెలియకుండా రికార్డు చేయాలని భర్త అంటున్నారు.

మెనూ పెట్టిన కొత్తలోనే రెండు సంఘటనలు జరిగాయి. కార్యాలయంలో ఒక హమాలీ స్పృహ తప్పితే ఎవరో 108 కొట్టారు. ఆ నంబరు స్టోరు గదికి ఎక్స్‌టెన్షన్‌గా, అంటే కార్యాలయం లోపలి నంబరుగా, ఇచ్చి ఉండటంతో అక్కడ ఫోన్ మోగింది. మరొక తెల్లవారుజామున ఆక్సిజన్ మాత్రల కోసం ఫోన్ చేసిన రైతుకు ‘మా పని వేళలు ఉదయం 8 నుంచి రాత్రి 7 వరకు’ అన్న రికార్డు వినిపించి కాల్ తెగిపోయింది. ఆ గుంటలో రొయ్యలు చాలా వరకు చచ్చిపోయాయి. మరునాడు ఆ రైతు దుకాణానికి వచ్చి, ‘ఏందమ్మా ఇది, మేం చావుబతుకుల్లో ఫోన్ జేస్తే మిషను మాట్లాడతా ఉండాది’ అని నలుగురిలో అన్నాడట. అప్పటి నుంచి ఇంట్లో అందరి వేలూ తన వైపే చూపుతున్నాయని, ఏ నంబరు కొడితే కాల్ ఎక్కడికి పోవాలో నిర్ణయించే డయల్ ప్లాన్ మళ్లీ ఎలా రాయించాలో, ఎవరి మాట వినాలో, అసలు ఇదంతా పీకేసి పాతదే పెట్టించాలో చెప్పమని ఆమె అడిగారు.

అమ్మా,

మీ ఉత్తరం చదివాక నాకు తోచిన మొదటి విషయం ఏమిటంటే, మీ మీద వేసిన నిందలో సగం యంత్రాన్ని తప్పుగా అమర్చినవాడిది, మిగిలిన సగం రాత్రి ఫోన్ ఎవరు ఎత్తాలో ఏనాడూ కూర్చుని నిర్ణయించుకోని మీ కుటుంబానిది. పాత ఎక్స్‌ఛేంజి ఉన్న రోజుల్లో రాత్రి మూడింటికి ఆ రైతు ఫోన్ చేసినా ఖాళీ కార్యాలయంలో మోగి మోగి ఆగిపోయేది. అప్పుడు ఎవరినీ తప్పుపట్టడానికి కనపడని లోపం, రికార్డు చేసిన గొంతు ఒకటి వినిపించడంతో బయటపడింది. ఈ మాట మీరు ఇంట్లో గట్టిగా అనలేకపోవచ్చు, కానీ మీ మనసులో స్పష్టంగా ఉండాలి. ఎందుకంటే నింద మోస్తున్న మనిషి తీసుకునే నిర్ణయాలు ఎక్కువగా ఎదుటివాళ్లను శాంతింపజేయడానికే ఉంటాయి.

మిగతావన్నీ వారం ఆగవచ్చు గాని 108 సంగతి ఈ రోజే సరిచేయించండి. మన దేశంలో 1తో మొదలయ్యే పొట్టి నంబర్లన్నీ ప్రజావసరాలకు కేటాయించినవి: 112 అత్యవసర సహాయం, 100 పోలీసు, 101 అగ్నిమాపక కేంద్రం, 108 అంబులెన్సు, 104 ఆరోగ్య సలహా, 1912 కరెంటు ఫిర్యాదు, 1930 సైబర్ మోసాల ఫిర్యాదు. ఇవి చాలక 1800తో మొదలయ్యే టోల్‌ఫ్రీ నంబర్లు ఉన్నాయి. కార్యాలయంలో ఎక్స్‌టెన్షన్లను 100 నుంచి 120 వరకు వరసగా ఇచ్చుకుంటూ పోవడం చూడటానికి చక్కగా ఉంటుంది, అమర్చేవాడికి తేలికగా ఉంటుంది, కానీ ఆ వరసలో పోలీసూ, ఫైరూ, అంబులెన్సూ మూడూ మునిగిపోతాయి. మామగారు అడిగిన 101 నిజానికి ఫైర్ స్టేషన్ నంబరు. గోడౌనులో మంటలు లేస్తే కంగారుపడిన వాచ్‌మన్ 101 కొడతాడు, మామగారి ఖాళీ కుర్చీ దగ్గర ఫోన్ మోగుతుంది. ఆయనతో వాదన అక్కర్లేదు, ఈ ఒక్క ముక్క చెప్పండి చాలు.

అందువల్ల మీ ఎక్స్‌టెన్షన్లలో ఏదీ 1తో మొదలు కాకూడదు. 0 బయటి కాల్స్‌కు కావాలి. 6, 7, 8, 9 అంకెలతో మన మొబైల్ నంబర్లు మొదలవుతాయి కనుక, సిబ్బంది అలవాటుగా పది అంకెలు నొక్కడం మొదలుపెట్టినప్పుడు ఎక్స్‌ఛేంజి మొదటి మూడు అంకెలను చూసే ఎక్స్‌టెన్షన్ అనుకుని మోగించేసే ప్రమాదం ఉంది. మిగిలిన 2, 3, 4, 5 మీకు ధారాళంగా సరిపోతాయి. నెల్లూరుకు 2తో, ఒంగోలుకు 3తో, కావలికి 4తో మొదలయ్యే మూడంకెల నంబర్లు ఇచ్చి, 5తో మొదలయ్యేవాటిని మనుషులకు కాకుండా పనులకు కేటాయించండి: మేత ఆర్డర్లు ఒకటి, ఏరేటర్ రిపేరు ఒకటి, బాకీ లెక్కలు ఒకటి. మనిషి మారినా పని నంబరు మారదు. ఒక కుర్రవాడు ఉద్యోగం మానేస్తే ఆ పని నంబరు కింద మోగే ఫోన్ల జాబితాలో అతని పేరు తీసి మరొకరిది చేర్చుకుంటే సరిపోతుంది. మామగారికి 200 ఇవ్వండి. పెద్దాయనకు నిండు నంబరు ఇచ్చిన గౌరవమూ దక్కుతుంది, ఫైరింజనూ దారి తప్పదు.

1తో మొదలయ్యే ఆ నంబర్లను నేరుగా కొట్టనిచ్చి, బయటికి వెళ్లే మిగతా కాల్స్‌కు ఒకే ఒక నియమం పెట్టుకోమని నా సలహా: ముందు 0, తర్వాత పది అంకెలు. మొబైల్ పది అంకెలన్నది అందరికీ తెలుసు. లాండ్‌లైన్ కూడా సున్నా తీసి చూస్తే పది అంకెలే. నెల్లూరు కోడు 0861 తర్వాత ఏడు అంకెలుంటాయి, ఒంగోలు కోడు 08592 తర్వాత ఆరు. లాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు 0 కొట్టాలన్న నిబంధన 2021 జనవరి 15 నుంచి దేశమంతా అమలులో ఉంది కనుక మీ సిబ్బందికి ఇది కొత్త అలవాటు కూడా కాదు. ఆ మిగతా బయటి కాల్స్ అన్నీ సరిగ్గా పదకొండు అంకెలైతే ఎక్స్‌ఛేంజికి సందేహం ఉండదు. చివరి అంకె పడగానే కలుపుతుంది, ‘ఇంకా ఏమైనా నొక్కుతారేమో’ అని నాలుగైదు సెకన్లు కాచుకుని కూర్చోదు. ఊళ్లోని లాండ్‌లైన్‌కు కోడు లేకుండా ఏడంకెలు కొట్టే పాత వాడుక మాత్రం మానిపించాలి. నెల్లూరులో ఆ నంబర్లు చాలా వరకు 2తో మొదలవుతాయి, అది మీ ఎక్స్‌టెన్షన్లతో కలగాపులగమవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. అమర్చేవాళ్లు బద్ధకించి ‘0 తర్వాత ఏ అంకెలు వచ్చినా సరే, ఎన్ని వచ్చినా సరే’ అని ఒక్క వరస రాసి వదిలేస్తుంటారు. దాంతో 00 అంటే విదేశీ కాల్స్ కూడా తెరుచుకుంటాయి. ఇంటర్నెట్‌కు తగిలించిన ఎక్స్‌ఛేంజీల తలుపు తట్టి చూసే దొంగ ప్రోగ్రాములు ప్రపంచమంతటా రేయింబవళ్లు తిరుగుతుంటాయి. ఒక ఎక్స్‌టెన్షన్‌కు పాస్‌వర్డు కూడా అదే నంబరైతే, శనివారం రాత్రి లోపలికి దూరి సోమవారం పొద్దుటిలోగా ఖరీదైన విదేశీ నంబర్లకు వందల కాల్స్ చేస్తారు. బిల్లు మీ పేరనే వస్తుంది. 0 తర్వాతి అంకె 1 నుంచి 9 వరకే ఉండాలని, మొత్తం పదకొండుకు ఒక్క అంకె కూడా మించకూడదని రాయించండి. ఎగుమతి కంపెనీలతో మీకు విదేశీ కాల్స్ అవసరమైతే ఒక్కరి ఫోన్‌కు మాత్రం రహస్య సంఖ్యతో తెరిపించుకోవచ్చు. దానితోపాటు సర్వీసు కంపెనీ వైపున కూడా విదేశీ కాల్స్ మూయించడం మరింత భద్రం.

ఇక రిసెప్షన్ అక్క సంగతి. ఆమె వల్లే ఎంగేజ్ వస్తోందన్న నిర్ధారణ తప్పని మీ ఉత్తరంలోని వివరాలే చెబుతున్నాయి. అక్క తీరిక లేక ఎత్తకపోతే రైతుకు వినిపించాల్సింది రింగు మోగుతున్న శబ్దం, ఎంగేజ్ టోన్ కాదు. ఎంగేజ్ వచ్చిందంటే లైన్లన్నీ నిండాయని అర్థం. ఉదయం 8 నుంచి 9 వరకు సుమారు 60 కాల్స్ వస్తాయని, ఒక్కోటి సగటున 3 నిమిషాలు సాగుతుందని, మొత్తం నాలుగు లైన్లున్నాయని రాశారు. 60 కాల్స్ మూడేసి నిమిషాలంటే 180 నిమిషాల మాట ఒక్క గంటలో పట్టాలి, అంటే సగటున మూడు లైన్లు ఎప్పుడూ నిండి ఉంటాయి. నాలుగుంటే మూడుకు చాలవా అనిపిస్తుంది, కానీ కాల్స్ సమానమైన ఎడంతో రావు, గుంపులుగా వస్తాయి. డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ 1917లో ఇచ్చిన సూత్రం ప్రకారం లెక్కగడితే, ఈ రద్దీలో నాలుగు లైన్ల మీద ప్రతి ఐదు కాల్స్‌లో ఒకటి ఎంగేజ్ టోన్‌కు గురవుతుంది. ఎంగేజ్ వచ్చినవాళ్లు ఇంటికి పోయి పడుకుంటారని ఆ సూత్రం అనుకుంటుంది; మన రైతు మళ్లీ మళ్లీ కొడతాడు కనుక అసలు పరిస్థితి అంతకంటే అధ్వాన్నం. అదే ఎనిమిది లైన్లుంటే ఎంగేజ్ వందకు ఒకటి కంటే తగ్గుతుంది.

మరి అక్క? ఆమె ఒక్కో కాల్ ఎత్తి, గొంతు గుర్తుపట్టి, సరైన మనిషికి కలపడానికి అర నిమిషం తీసుకుంటుందనుకుందాం. 60 కాల్స్‌కు అరగంట. ఆ గంటలో సగం సేపు ఆమె ఖాళీగానే ఉంటుంది. ఇంటర్నెట్ మీదుగా వచ్చే మీ ఫోన్ లైన్ల కట్ట (సిప్ ట్రంక్)లో నాలుగు ఛానెళ్లను, అంటే లైన్లను, ఎనిమిది చేయడంతో తీరే సమస్యకు ఒక మనిషిని పక్కకు తప్పించారు. పైగా రైతు మెనూ వింటున్నంత సేపూ ఒక ఛానెల్ నిండే ఉంటుంది కనుక ఎంగేజ్ మరింత పెరుగుతుంది. మీ ఖాతాదారు ఫోన్ చేసే తీరు కూడా ఆలోచించండి. అతను గట్టు మీద నిలబడి, రొయ్యలు మేత ఎంత తిన్నాయో తెలిపే చెక్ ట్రేను పైకి లాగి చూస్తుంటాడు. చేతులకు నీళ్లూ మేత పొడీ అంటుకుని ఉంటాయి. ఫోన్ ప్లాస్టిక్ కవరులో ఉంటుంది, స్పీకరు పెట్టి మాట్లాడతాడు. అతన్ని ‘మూడు నొక్కండి’ అనడం, నొక్కాక మళ్లీ ‘మేత అయితే ఒకటి, మందులైతే రెండు’ అనడం ఎంత అసందర్భమో కంప్యూటరు ముందు కూర్చున్నవాడికి తట్టదు.

ఇందులో మీకు మూడు దారులు కనపడుతున్నాయి. మెనూను ఇలాగే ఉంచి దాన్ని ఒకే మెట్టుకు కుదించవచ్చు. ఖర్చు ఉండదు, కానీ పాత ఖాతాదారుల్లో కొందరు జారిపోతారు. అక్కను పూర్వంలాగే ముందు పెట్టి మెనూ పూర్తిగా తీసివేయవచ్చు. రైతులు సంతోషిస్తారు, కానీ ఆమె సెలవు పెట్టిన రోజు మళ్లీ కథ మొదటికి వస్తుంది. మూడోది, పగటి పూట ప్రతి కాలూ ముందు అక్క దగ్గర మోగి, 18 సెకన్లలో ఆమె ఎత్తకపోతే మేత ఆర్డర్ల గ్రూపులో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగడం. మన దేశంలో ఆ జంట మోత ఒక్కోటి మూడు సెకన్లకోసారి వస్తుంది కనుక 18 సెకన్లంటే ఆరు రింగులు. రైతు ఓపికకు అది హద్దు. అక్కడా ఎవరూ ఎత్తకపోతేనే మెనూ. నా మొగ్గు మూడోదాని వైపే. అయితే అక్కతో ఈ విషయం మీరే స్వయంగా మాట్లాడాలి. యంత్రం తనను తీసేయడానికి వచ్చిందని నమ్మిన మనిషి దాన్ని నేర్చుకోదు. ఎవరికి కలపాలో, ఎత్తకపోతే ఎలా వెనక్కి లాక్కోవాలో నేర్చుకున్న అక్క మాత్రం మీకు ఏ మెనూ ఇవ్వలేని సేవ ఇస్తుంది.

మామగారి బల్ల మీద ప్రతి కాలూ ముందుగా మోగడం వల్ల ఏమవుతుందో ఆయనకు గడియారం పెట్టి చూపించండి. ఆయన భోజనానికి లేచినా, కునుకు తీసినా ప్రతి రైతూ ఆ ఆరు రింగులు వృథాగా వినాలి. కానీ ఆయన కోరికను పూర్తిగా కొట్టిపారేయనక్కర్లేదు. ఏళ్ల తరబడి క్యాలెండర్ల మీద అచ్చయిన పాత లాండ్‌లైన్ నంబరు ఉందని రాశారు కదా, ఆ ఒక్క నంబరుకు వచ్చే కాల్స్ మాత్రం ఉదయం ఆయన కార్యాలయంలో ఉండే వేళల్లో ముందు 200లో మోగేలా, మిగతా వేళల్లో నేరుగా అక్క దగ్గరికి వెళ్లేలా రాయించవచ్చు. ఆ నంబరుకు ఫోన్ చేసేవాళ్లు చాలా మంది ఆయన కోసం చేసేవాళ్లే. ఆయన లేచి వెళ్లేటప్పుడు ఒక మీట నొక్కి వెళ్లే అలవాటు చేసుకోగలిగితే ఇంకా మంచిది. ఆ వయసులో మరిచిపోతారనుకుంటే వేళలే శరణ్యం.

బావగారి అనుమానం దగ్గర ఒక పాత సంగతి చెప్పాలి. మనిషి సాయం లేకుండా తనంతట తానే కాల్ కలిపే ఎక్స్‌ఛేంజికి 1891లో అమెరికాలో పేటెంటు పొందిన ఆల్మన్ స్ట్రోజర్ ఇంజినీరు కాడు, అంత్యక్రియల వ్యాపారి. తన కోసం వచ్చే కాల్స్‌ను ఊరి టెలిఫోన్ ఆపరేటరు పోటీదారుకు మళ్లిస్తోందన్న అనుమానంతోనే ఆ పనికి పూనుకున్నాడని చెబుతారు. అంటే కాల్ రూటింగ్ పుట్టిందే మీ బావగారి అనుమానం లాంటి దాని నుంచి. కనుక ఆయనను సంకుచితుడని అనుకోకండి. నెల్లూరు నంబరుకు ఫోన్ చేసిన సింగరాయకొండ రైతు ఎవరి ఖాతాదారు అన్నది ఆయనకు ఏడాది చివర లెక్కల్లో తేలే విషయం.

అయితే ఆయన అనుకుంటున్నట్టు ఫోన్ చేసినవారి నంబరు చూసి జిల్లా పోల్చడం సాధ్యం కాదు. మొబైల్ నంబరులో జిల్లా గుర్తు ఏదీ ఉండదు. పైగా 2011 నుంచి నంబరు మార్చకుండానే కంపెనీ మారే వీలుంది. చేయగలిగిన వాటిలో అన్నిటికన్నా నిక్కచ్చిగా ఉండేది, రైతు ఏ నంబరుకు ఫోన్ చేశాడన్న దాన్నిబట్టి పంపడం: 08592 నంబరుకు వస్తే ఒంగోలు, 0861కి వస్తే నెల్లూరు. వివాదానికి తావులేదు, కానీ ప్రకాశం రైతుల ఫోన్లలో ఏళ్లుగా నెల్లూరు నంబరే ఉంది కనుక బిల్లుల మీద, మేత బస్తాలకు అతికించే చీటీల మీద ఒంగోలు నంబరు అచ్చువేయించి, అది వాళ్ల ఫోన్లలోకి ఎక్కేదాకా కొన్ని నెలలు ఓపిక పట్టాలి. రెండోది, ఖాతాదారుల జాబితా తయారుచేసి ఎక్స్‌ఛేంజిలో ఎక్కించడం. ఫలానా నంబరు కనపడితే ఒంగోలు గ్రూపుకు పోతుంది. నంబర్లు ఒకచోట 0తో, ఒకచోట 91తో, ఒకచోట ఏమీ లేకుండా వస్తాయి గనుక చివరి పది అంకెలనే పోల్చమని చెప్పడం మరువకండి. ఇది వెంటనే పనిచేస్తుంది. కానీ రెండు జిల్లాల్లోనూ గుంటలు కౌలుకు తీసుకున్న రైతు ఎవరి జాబితాలోకి వస్తాడు? ఆ జాబితాను సవరించే అధికారం మీ ఒక్కరి చేతిలో ఉంటే ప్రతి సవరణా ఒక తగాదా అవుతుంది. ఇద్దరు అన్నదమ్ములూ ఒప్పుకుంటే తప్ప పేరు మార్చననే షరతు మీద మాత్రమే ఈ పనికి ఒప్పుకోండి.

ఈ రెండింటిలో ఏది ఎంచుకున్నా, ఎక్స్‌ఛేంజి ప్రతి కాల్‌కూ రాసుకునే చిట్టా ఉంటుంది: ఎప్పుడు వచ్చింది, ఎక్కడ మోగింది, ఎవరు ఎత్తారు, ఎంతసేపు మాట్లాడారు. ఆ చిట్టా రోజూ రాత్రి ఇద్దరికీ ఒకేసారి మెయిల్‌లో వెళ్లేలా పెట్టండి. మీ బావగారికి కావలసింది కాల్స్ కంటే ముందు ఆ చిట్టాయేనని నా అనుమానం. ఆయన లెక్క చూసుకున్నాక కోరిక మారినా ఆశ్చర్యం లేదు.

రాత్రి సంగతి అన్నిటికన్నా బరువైనది. గుంట నీళ్లలో పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి నాచుతో సహా అన్నీ దాన్ని పీల్చుకునేవే, అందుకే తెల్లవారే ముందు అది అట్టడుగుకు పడిపోతుంది. కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే రొయ్యలు గట్టు వారకు చేరి పైకి తేలతాయి. ఆ గంటలో ఫోన్ చేసే రైతుకు గోడౌను తాళం ఉన్న మనిషి కావాలి. కాబట్టి రాత్రి రూటు ఎవరికి పోవాలన్నది ఇంట్లో ఎవరు పెద్ద అన్నదాన్నిబట్టి తేల్చకండి, తాళం ఎవరి దగ్గర ఉందన్నదాన్నిబట్టి తేల్చండి. మీవారూ, బావగారూ, కావలి గోడౌను మేనేజరూ వారాలు పంచుకోవచ్చు. ఎవరూ ఒప్పుకోకపోతే రాత్రి సేవ లేదని, దగ్గరలో ఫలానా చోట దొరుకుతుందని రికార్డులో నిజాయితీగా చెప్పడం ఇంకొక దారి. వ్యాపారం కొంత పోతుంది గాని మీ రికార్డును నమ్ముకుని ఏ రైతూ నష్టపోడు.

రాత్రి సేవ పెట్టుకుంటే రికార్డు మాట ఇలా ఉండవచ్చు: ‘ఆక్సిజన్, ఏరేటర్ల అత్యవసరమైతే లైనులోనే ఉండండి.’ ఏదీ నొక్కనక్కర్లేదు, ఆగినవాడిది అత్యవసరమే. అక్కడి నుంచి కాల్ వంతు మనిషి మొబైల్‌కు వెళ్తుంది. మొబైల్ స్విచ్ ఆఫ్‌లో ఉంటే మొబైల్ కంపెనీ వినిపించే ప్రకటననే కొన్నిసార్లు ఎక్స్‌ఛేంజి ‘ఎత్తారు’ అని భ్రమపడి అక్కడితో ఆగిపోతుంది. ఎత్తిన మనిషి 1 నొక్కితేనే కలిసినట్టు లెక్క అని పెట్టించండి. నొక్కకపోతే రెండో మనిషికి, ఆ తర్వాత మూడో మనిషికి వెళ్లాలి. ఇలా మళ్లించిన కాల్ మీద సాధారణంగా రైతు నంబరు కాక మీ కార్యాలయం నంబరే కనపడుతుంది. అదీ మేలే. ఆ ఒక్క నంబరును పెద్ద మోతతో, ఫోన్ సైలెంట్‌లో ఉన్నా మోగేలా దాచుకోవచ్చు. ఒక రాత్రి కాల్‌కు లోపలికొకటి, బయటికొకటి చొప్పున రెండు ఛానెళ్లు పడతాయన్నది గుర్తుంచుకోండి. సెలవుల పట్టికలో సంక్రాంతిని ముందే రాసిపెట్టవచ్చు గాని ఉగాది, రొట్టెల పండుగ లాంటివి ఏటా తేదీ మారతాయి. వాటిని ఏటా చేత్తో ఎక్కించాల్సిందే.

నెల్లూరు ఎంగేజ్ అయితే ఒంగోలుకు, ఒంగోలు ఎంగేజ్ అయితే నెల్లూరుకు పంపమని రాయించినట్టు మీ ఉత్తరంలో ఉంది. రెండూ ఒకేసారి నిండితే ఆ ఒక్క కాల్ వాటి మధ్య తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ ఇంకొక ఛానెల్‌ను మింగుతుంది. ఒకసారి మళ్లిన కాల్ రెండోసారి మళ్లకూడదు; దానికి ఎక్కడో ఒక చోట ఆఖరి మజిలీ ఉండాలి.

ఛార్జీలు ఆదా అవుతాయని ఎక్స్‌ఛేంజి అమ్మిన వ్యక్తి చెప్పిన ఏర్పాటు, అంటే ఒంగోలు సిబ్బంది మాటలను ఇంటర్నెట్ మీద నెల్లూరుకు తెచ్చి నెల్లూరు లైన్ల నుంచి బయటికి వదలడం, సిమ్ కార్డులు పెట్టే పెట్టె తగిలించడం, ఈ రెండింటి జోలికీ తొందరపడి పోకండి. మీ శాఖల మధ్య మీరు మాట్లాడుకోవడం వేరు. ఆ లోపలి దారిని పబ్లిక్ ఫోన్ నెట్‌వర్కుతో కలిపి దూరపు కాల్ ఛార్జీ తప్పించడం వేరు. రెండోదాని మీద మన టెలికాం నిబంధనల్లో ఆంక్షలున్నాయి. అనుమతి ఉందని సర్వీసు కంపెనీ కాగితం మీద రాసి ఇస్తేనే ఆలోచించండి. ఎలాగూ ఒంగోలు నుంచి వెళ్లే కాల్స్ ఒంగోలు లైన్ల నుంచే వెళ్లడం మంచిది. ముఖ్యంగా 100, 101: ఒంగోలులో మంటలు లేస్తే ఆ కాల్ నెల్లూరు ఫైర్ స్టేషన్‌కు పోకూడదు కదా.

రికార్డింగు గురించి మీవారితో ఒక్క మాట అనండి. ‘ఈ కాల్ రికార్డు అవుతుంది’ అని మొదట్లో వినిపించి, సేల్స్ కుర్రవాళ్లకు కూడా చెప్పి చేస్తే ఆర్డరు తగాదాల్లో అది పనికొస్తుంది. దొంగచాటుగా చేస్తే బయటపడిన రోజున మంచి కుర్రవాళ్లే ముందు వెళ్లిపోతారు.

పాతదే మళ్లీ పెట్టించాలా అన్నారు. నేనైతే పెట్టించను, ఎంగేజ్ సమస్యా, రాత్రి సమస్యా పాతదానిలో తీరవు. కానీ ఐపీ ఫోన్లు కరెంటు మీద ఆధారపడతాయి. ఎక్స్‌ఛేంజికి, రూటరుకు, స్విచ్‌కు యూపీఎస్ లేకపోతే కరెంటు పోయిన క్షణంలో, అంటే రైతుకు మీరు ఎక్కువగా కావలసిన క్షణంలోనే, మీ ఫోన్లన్నీ మూగబోతాయి. తుఫాను రోజుల్లో ఇంటర్నెట్టే తెగితే కాల్స్ నేరుగా వంతు మనిషి మొబైల్‌కు మళ్లేలా సర్వీసు కంపెనీ వైపునే పెట్టించుకోండి.

కొత్త ప్లాన్ పెట్టించే ముందు దాన్ని ఒక్క కాగితం మీద మామూలు తెలుగులో రాయండి: ఏ నంబరుకు, ఏ వేళలో కాల్ వస్తే ముందు ఎక్కడ మోగుతుంది, ఎన్ని సెకన్లు, ఎత్తకపోతే తర్వాత ఎక్కడ, ఆఖరున ఎక్కడ. ఆ కాగితం మీద మామగారు, బావగారు, మీవారు ముగ్గురూ సంతకం చేశాకే అమర్చే వ్యక్తిని పిలవండి. అతను వెళ్లేలోగా 108, 112 రెండింటికీ ఒక్కోసారి కొట్టి చూసి, అవతల ఎత్తగానే ‘లైను పరీక్షిస్తున్నాం, ఇబ్బందేమీ లేదు’ అని చెప్పి పెట్టేయండి. రాత్రి రూటును పగలు కాదు, రాత్రే పరీక్షించండి. చివరగా, ఎక్స్‌ఛేంజి అడ్మిన్ పాస్‌వర్డు ఇప్పటిదాకా అమర్చిన వ్యక్తి దగ్గరే ఉందని మీ మాటల్లో తెలుస్తోంది. దాన్ని అతని ఎదుటే మార్చి, కొత్తది మీ లాకర్‌లోనూ ఒంగోలులోనూ ఒక్కో ప్రతి ఉంచి, సెట్టింగుల బ్యాకప్‌ను వేరే కంప్యూటరులో దాచిన తర్వాతే మిగిలిన బిల్లు చెల్లించండి.